మిర్చి కోల్డ్ స్టోరేజీలో పీఎల్‌సీ, ఐదు మీటర్లు, సొంత అప్లికేషన్: పని డైరీ

చోటు గుంటూరు దగ్గర నాలుగు చాంబర్ల మిర్చి కోల్డ్ స్టోరేజీ. రెండు అమ్మోనియా కంప్రెసర్లు, కూలర్ ఫ్యాన్లు, వాల్వులు ఒక సీమెన్స్ ఎస్7-1200 పీఎల్‌సీ (యంత్రాలను నడిపే చిన్న కంప్యూటర్) కింద నడుస్తాయి. కరెంటు లెక్కకు మోడ్‌బస్ ఆర్‌టీయూ (ఒకే తీగ మీద పరికరాలు ప్రశ్న, జవాబుగా మాట్లాడే పద్ధతి) ఉన్న ఐదు ఎనర్జీ మీటర్లు ఉన్నాయి. వీటి అంకెలన్నీ సొంత అప్లికేషన్‌లోకి రావాలి, నాలుగు చాంబర్ల సెట్‌పాయింట్లు (ఉంచాల్సిన ఉష్ణోగ్రతలు) అక్కడి నుంచే మార్చే వీలుండాలి. రెడీమేడ్ స్కాడా (ప్లాంటును తెర మీద చూపి నడిపే సాఫ్ట్‌వేర్) లేదు, డ్రైవర్ లైబ్రరీలు తీసుకుని మిగతాది కట్టుకోవడమే.

మొదటి రోజే పెట్టుకున్న నియమం ఒకటుంది. లైబ్రరీ ఎర్రర్ ఇవ్వకుండా అంకె తెచ్చినంత మాత్రాన ఆ ట్యాగు (పేరు పెట్టి చదివే ఒక్కో అంకె) అయిపోయినట్టు కాదు. మీటరు తెర మీద గానీ, చేతిలో ఉన్న థర్మామీటర్‌లో గానీ అదే అంకె కనబడ్డాకే దాన్ని లెక్కలో వేశాం. ప్రతి దశ చివర కనిపించే "సరిచూసినవి" అనే మాటకు అర్థం అదే.

మొత్తం ట్యాగులు: మీటరుకు 14 చొప్పున 70, పీఎల్‌సీలో 48, కలిపి 118.

దశ 0: ఏ కాంపోనెంటు, ఎందుకు

మూడు దారులు చూశాం.

పాత ఓపీసీ (పరికరాల అంకెలను ప్రోగ్రాములకు అందించే పద్ధతి) సర్వర్ కొనడం ఒకటి. 1996లో వచ్చిన ఆ పద్ధతి విండోస్ డీకామ్ (ఒక కంప్యూటర్లోని ప్రోగ్రాం ఇంకోదానిలోని ప్రోగ్రాంతో మాట్లాడే ఏర్పాటు) మీద నడుస్తుంది. సర్వర్ ఒక కంప్యూటర్లో, అప్లికేషన్ ఇంకో కంప్యూటర్లో ఉంటే డీకామ్ అనుమతులతో కుస్తీ తప్పదు. 2023 మార్చి 14 నాటి విండోస్ అప్‌డేట్ నుంచి డీకామ్ భద్రతా కట్టుబాటును ఆపేసే వీలు కూడా పోయింది. కొత్త పనికి ఆ దారి పట్టకండి.

రెండోది పీఎల్‌సీలోనే ఉండే ఓపీసీ యూఏ (ఓపీసీ కొత్త రూపం) సర్వర్. ఎస్7-1200లో ఇది ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) 4.4 నుంచి ఉంది, లైసెన్సు విడిగా కొనాలి. ఇక్కడి పీఎల్‌సీ ఫర్మ్‌వేర్ 4.2. ఫర్మ్‌వేర్ మార్చాలంటే ప్లాంటు ఆపాలి, చాంబర్లలో మిర్చి టిక్కీలు (బస్తాలు) నిండి ఉన్నాయి. వదిలేశాం.

మూడోది, పట్టుకున్నది: పీఎల్‌సీకి స్నాప్7, మీటర్లకు పైమోడ్‌బస్. రెండూ ఓపెన్ సోర్సే, పైథాన్ నుంచి పిలవచ్చు. ఒక జాగ్రత్త. పైమోడ్‌బస్‌లో మీటరు నంబరు ఇచ్చే పారామీటర్ పేరు వెర్షన్లతో పాటు మారుతూ వచ్చింది: మొదట యూనిట్, తరవాత స్లేవ్, ఆ తరవాత డివైస్ ఐడీ. ఇంటర్నెట్లో దొరికిన ఉదాహరణ నడవకపోతే ముందు అది చూడండి. పనిచేసిన వెర్షన్ నంబరును ఇన్‌స్టాల్ ఫైల్లో గట్టిగా కట్టేయండి.

సామాను:

1. రెండు నెట్‌వర్క్ పోర్టులున్న మినీ పీసీ, డెబియన్ లినక్స్
2. ఐసొలేషన్ ఉన్న యూఎస్‌బీ-ఆర్‌ఎస్485 (మీటర్ల డేటా తీగలను పీసీకి కలిపే) కన్వర్టర్, ఎఫ్‌టీడీఐ చిప్‌ది
3. షీల్డ్ ఉన్న ట్విస్టెడ్ పెయిర్ కేబుల్, రెండు జతలది, 140 మీటర్లు
4. 120 ఓం రెసిస్టర్లు 2, 680 ఓం రెసిస్టర్లు 2
5. మల్టీమీటర్, క్లాంప్ మీటర్, ఐసు నింపడానికి థర్మాస్
6. మినీ పీసీకి, నెట్‌వర్క్ స్విచ్‌కి కలిపి చిన్న యూపీఎస్

రెండు జతల కేబుల్ ఎందుకంటే ఒక జత డేటాకు, రెండో జతలో ఒక తీగ కామన్‌కు. కామన్ తీగ లేకుండా రెండు తీగల మీదే నడిపేవాళ్లు చాలామంది. ప్యానెళ్ల ఎర్తుల మధ్య వోల్టేజీ తేడా పెరిగిన రోజున అది ఆగిపోతుంది.

దశ 1: వైరు

ఎలక్ట్రీషియన్లు అలవాటు కొద్దీ ఒక జంక్షన్ బాక్స్ పెట్టి, అక్కడి నుంచి ఒక్కో మీటరుకు ఒక్కో కేబుల్ లాగారు. దీపాల వైరింగుకు అది బాగుంటుంది. ఆర్‌ఎస్485కి బాగుండదు, ప్రతి కొమ్మ చివర నుంచి సిగ్నల్ తిరిగి తగులుతుంది.

పరీక్ష ఒకటే పెట్టుకున్నాం: ఒక మీటరు నుంచి 1000 సార్లు చదవడం, ఎన్ని తప్పాయో లెక్క. ఒక్కో మార్పు తరవాత అదే పరీక్ష. రెండు మార్పులు ఒకేసారి చేయలేదు, చేస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు.

- జంక్షన్ బాక్స్ పద్ధతిలో: 138 తప్పులు
- ఒక మీటరు నుంచి ఇంకో మీటరుకు గొలుసులా మార్చాక: 21
- రెండు చివర్లా 120 ఓం పెట్టాక: 9
- బయాస్ రెసిస్టర్లు పెట్టాక: 2
- కంప్రెసర్ల పవర్ కేబుల్ ఉన్న ట్రే నుంచి తప్పించి ఒక అడుగు దూరంగా వేశాక: 0

టెర్మినేషన్ (రెండు చివర్ల 120 ఓం) సరిగా ఉందో లేదో కంప్యూటర్ లేకుండానే తెలుస్తుంది. అన్నిటికీ పవర్ తీసేసి డేటా తీగలు రెండింటి మధ్య మల్టీమీటర్‌తో ఓం కొలవండి. 60 దగ్గర రావాలి. 120 వస్తే ఒక చివర రెసిస్టర్ లేదు. 40 వస్తే మధ్యలో ఏదో పరికరం లోపలి రెసిస్టర్ స్విచ్ ఆన్‌లో ఉంది. ఇక్కడ మొదట 40 వచ్చింది. మూడో మీటరు వెనక చిన్న డిప్ స్విచ్ ఒకటి ఆన్ చేసి వచ్చింది.

బయాస్ సంగతి. ఎవరూ మాట్లాడనప్పుడు తీగల మధ్య వోల్టేజీ ప్లస్ 200 మిల్లీవోల్టులకీ మైనస్ 200 మిల్లీవోల్టులకీ మధ్య ఉంటే రిసీవర్ దాన్ని ఒకటి అనుకోవచ్చు, సున్నా అనుకోవచ్చు. ఇక్కడ ఖాళీగా ఉన్నప్పుడు 40 మిల్లీవోల్టులు కనబడింది. కన్వర్టర్ దగ్గర ప్లస్ తీగ నుంచి 5 వోల్టులకు ఒక 680 ఓం, మైనస్ తీగ నుంచి కామన్‌కు ఒక 680 ఓం పెట్టాం. లెక్క: 5 వోల్టులు, 680, 60, 680 వరసలో ఉంటే 60 ఓం మీద 0.21 వోల్టు పడుతుంది. కొలిస్తే 0.21 వచ్చింది. బయాస్ ఒక్కచోటే పెట్టాలి.

ఏ, బీ అని రాసి ఉన్న టెర్మినళ్లను నమ్మకండి. కొందరు తయారీదారులు ఏ అంటే ప్లస్ అంటారు, కొందరు మైనస్ అంటారు. బయాస్ పెట్టాక మల్టీమీటర్‌తో ప్లస్ ఏదో కొలిచి, తీగకు రంగు స్లీవ్ తొడిగి, ఆ రంగునే నమ్మండి. షీల్డ్‌ని ఒక చివరే ఎర్త్ చేయాలి. రెండు చివర్లా చేస్తే ఎర్తుల మధ్య కరెంటు ఆ షీల్డ్‌లోంచే పారుతుంది.

లెక్క: గంటలు 9. సరిచూసినవి 0/118.

దశ 2: మీటర్లు

ఎక్కువ రోజులు తిన్నది ఇదే. అందులోనూ ఒక తప్పు గురించి వివరంగా రాయాలి, ఎందుకంటే అది తప్పులా కనిపించదు.

మీటరు పుస్తకంలో రిజిస్టర్ల (అంకెలు దాచే గళ్ల) నంబర్లు 1 నుంచి మొదలవుతాయి. తీగ మీద వెళ్లే చిరునామా 0 నుంచి మొదలవుతుంది. పుస్తకంలో 40001 అన్నది తీగ మీద 0. ఈ ఒకటి తీసేయడం మరిచిపోయాం. మొదటి ఫేజు వోల్టేజీ ఉండాల్సిన చోట మైనస్ 0.00000004 వచ్చింది. ఇలాంటి అంకె వస్తే అందరూ అనేది "వర్డ్ ఆర్డర్ తిరగబడింది" అని, అంటే ఒక అంకెకు చెందిన రెండు రిజిస్టర్ల వరస మారిందని. తిప్పాం. 231.7 వచ్చింది. రెండో ఫేజు 230.2, మూడోది 230.4. అందరికీ సంతోషం. రెండు రోజులు ఆ అంకెలే గ్రాఫులో నడిచాయి.

మొదటి రెండూ తప్పు, మూడోది అనుకోకుండా కలిసింది. మీటరు తెర మీద ఉన్నవి 229.7, 231.2, 230.4.

జరిగింది ఇది. మోడ్‌బస్ రిజిస్టరు 16 బిట్లు, ఫ్లోట్ (దశాంశం ఉన్న) అంకె 32 బిట్లు. అందుకే ఒక్కో వోల్టేజీ రెండు రిజిస్టర్లలో ఉంటుంది. ఆ మీటరులో రిజిస్టర్లు వరసగా ఇలా ఉన్నాయి:

17253, 45875 (229.7)
17255, 13107 (231.2)
17254, 26214 (230.4)

128కీ 256కీ మధ్య ఉన్న ఫ్లోట్‌లో మొదటి రిజిస్టరు పూర్ణాంకాన్ని, రెండోది దశాంశ భాగాన్ని మోస్తాయి. 45875ను 65536తో భాగిస్తే 0.7. ఒక రిజిస్టరు పక్కకు జరిగి చదివితే చేతికి వచ్చేది 45875, 17255. దాన్ని తిప్పితే 17255, 45875, అంటే రెండో ఫేజు పూర్ణాంకానికి మొదటి ఫేజు దశాంశం అతికి 231.7. ఒక తప్పును ఇంకో తప్పు కప్పేసింది. మూడో ఫేజు తరవాత ఆ మీటరులో సగటు వోల్టేజీ ఉంది కాబట్టి మూడో అంకె కూడా నమ్మేలాగే వచ్చింది.

దొరికింది ఫ్రీక్వెన్సీ దగ్గర. దాని పక్క రిజిస్టరు మొత్తం యూనిట్లది. 50 ఉండాల్సిన చోట 48 వేల చిల్లర వచ్చింది. అప్పుడు వెనక్కి వెళ్లి అన్నీ తీసి చూస్తే తెలిసింది.

అందుకే ఈ వరస:

1. ముందు ఫ్లోట్ వద్దు. ముడి రిజిస్టర్లు పది చదివి కాగితం మీద రాసుకోండి.
2. 17250 చుట్టుపక్కల అంకెలు ఏ స్థానాల్లో ఉన్నాయో చూడండి. వోల్టేజీ పైభాగం అదే.
3. అది జతలో మొదటిదిగా ఉందా, రెండోదిగా ఉందా చూసి వర్డ్ ఆర్డర్ తేల్చండి.
4. మూడు ఫేజుల్లో దశాంశంతో సహా మీటరు తెరతో పోల్చండి. పూర్ణాంకం కలిస్తే చాలదు.
5. విలువలు దగ్గరదగ్గరగా లేని ట్యాగు ఒకటి తప్పక చూడండి. ఫ్రీక్వెన్సీ, పవర్ ఫ్యాక్టర్ ఇందుకు మంచివి.

ఐదు మీటర్లలో నాలుగు ఒక రకం, ఒకటి వేరే రకం. వేరే రకానిది ఫంక్షన్ కోడ్ (ఏం కావాలో చెప్పే అంకె) 3కి బదులు చెప్పలేదు, 131 తిప్పి పంపింది. అడిగిన కోడ్‌కి 128 కలిపి వస్తే అది నిరాకరణ, వెంట వచ్చే బైటు కారణం చెబుతుంది. 1 వస్తే ఆ ఫంక్షన్ లేదు, 2 వస్తే ఆ చిరునామా లేదు, 3 వస్తే అడిగిన పరిమాణం లాంటి విలువ కుదరదు. ఇక్కడ 1 వచ్చింది. ఫంక్షన్ కోడ్ 4తో అడిగితే ఇచ్చింది. నిరాకరణ వచ్చిందంటే వైరు, వేగం, మీటరు నంబరు అన్నీ సరిగా ఉన్నాయని అర్థం. అది శుభవార్త. ఏ బదులూ రాకపోతేనే వైరు దగ్గరికి వెళ్లాలి.

కరెంటు అంకెలు. రెండో మీటరులో ఆంపియర్లు క్లాంప్ మీటర్ చూపిన దానిలో 80వ వంతు వచ్చాయి. సీటీ (కరెంటును తగ్గించి మీటరుకు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్) 400/5, మీటరులో నిష్పత్తి 5/5గానే ఉండిపోయింది. మీటరు బటన్లతో సరిచేశాం. అప్లికేషన్‌లో 80తో గుణించే పని పెట్టకండి. రేపు ఎవరో మీటరులో సరిచేస్తే 80 రెట్లు ఎక్కువ చూపిస్తుంది.

నాలుగో మీటరులో రెండో ఫేజు కిలోవాట్లు మైనస్‌లో వచ్చాయి, సీటీ తిరగబడి ఉంది. దాన్ని ప్లాంటు ఆపినప్పుడే సరిచేయాలి. లోడు పారుతుండగా సీటీ సెకండరీ తీగ విప్పితే ఆ చివర్ల మధ్య ప్రాణం తీసేంత వోల్టేజీ పుడుతుంది. షార్టింగ్ లింకు వేసి, పవర్ తీసి, అప్పుడే ముట్టుకోవాలి. ఈ ఒక్క మాట దగ్గర తొందర పడకండి.

మొత్తం యూనిట్లకు ఫ్లోట్ రిజిస్టరు వాడలేదు. 32 బిట్ల ఫ్లోట్ 1,31,072 దాటాక అడుగు 0.0156 అవుతుంది. రెండు దశాంశాల్లో యూనిట్లు కావాలంటే అప్పటికే లెక్క తప్పుతోంది. అదే మీటరులో పూర్ణాంక రిజిస్టరు ఉంది, దాన్ని తీసుకున్నాం.

లెక్క: ఈ దశ 14 గంటలు, మొత్తం 23. సరిచూసినవి 56/118. నాలుగో మీటరు సీటీ కోసం ఆగింది.

దశ 3: వేగం

ఒక్కో ట్యాగును ఒక్కో ప్రశ్నగా అడిగితే సెకనుకు 9600 బిట్ల వేగంలో ఒక ప్రశ్నకు సుమారు 65 మిల్లీసెకన్లు పట్టింది. 70 ట్యాగులకు 4.5 సెకన్లు. కావాల్సింది సెకనుకు ఒకసారి.

65 ఎక్కడ పోతోందో విడగొట్టాం. పారిటీతో కలిపి ఒక బైటు 11 బిట్లు, అంటే 1.146 మిల్లీసెకన్లు. ప్రశ్న 8 బైట్లు, 9.2. జవాబు 9 బైట్లు, 10.3. ఫ్రేముల మధ్య మూడున్నర బైట్ల మౌనం రెండుసార్లు, 8. మీటరు ఆలోచించే సమయం 20 పైన. మిగతాది కన్వర్టర్‌లో. ఎఫ్‌టీడీఐ చిప్ తన దగ్గర వచ్చిన బైట్లను 16 మిల్లీసెకన్ల దాకా దాచి పంపుతుంది, అది మొదటి నుంచి ఉండే అమరిక. లినక్స్‌లో ఆ పోర్టుకు లేటెన్సీ టైమర్ అనే ఫైలు ఉంటుంది. అందులో 16 తీసి 1 రాయడమే. రీబూట్ అయితే పోతుంది కాబట్టి యూడెవ్ (పరికరం తగిలించగానే లినక్స్ అమలు చేసే అమరికలు) నియమంలో పెట్టాం. అదే నియమంలో కన్వర్టర్ సీరియల్ నంబరును బట్టి పోర్టుకు స్థిరమైన పేరు ఇచ్చాం. లేకపోతే ఇంకో యూఎస్‌బీ పరికరం గుచ్చిన రోజు పోర్టు పేరు మారిపోతుంది.

మార్పులు, ఫలితాలు:

1. మీటరుకు 40 రిజిస్టర్లు ఒకే ప్రశ్నలో: ఐదు మీటర్లకు 0.78 సెకను. మోడ్‌బస్‌లో ఒక ప్రశ్నకు హద్దు 125 రిజిస్టర్లు.
2. వేగం 19200, లేటెన్సీ 1: 0.42 సెకను.

ఐదో మీటరు 40 ఒకేసారి ఇవ్వలేదు, కారణం 2 పంపింది. మధ్యలో వాడని చిరునామాలు రెండు ఉన్నాయి. దానికి మాత్రం రెండు ముక్కలు చేశాం, మొత్తం 0.46 సెకనుకు వచ్చింది.

ఇది బాగున్నప్పటి లెక్క. ఒక మీటరు పవర్ తీసి చూస్తే ఒక చుట్టు 4 సెకన్లకు పోయింది. టైమ్‌అవుట్ 1 సెకను, మూడు సార్లు తిరిగి ప్రయత్నం అని ఉంది. ఒక్క మీటరు చచ్చిపోతే మిగతా నాలుగూ దాని కోసం వరసలో నిలబడ్డాయి. టైమ్‌అవుట్ 300 మిల్లీసెకన్లు చేశాం, తిరిగి ప్రయత్నం ఒక్కసారే. రెండుసార్లూ తప్పితే ఆ మీటరును 60 సెకన్లు పక్కన పెట్టడం. ఇప్పుడు చచ్చిన మీటరు నిమిషానికి ఒకసారి 0.6 సెకను తింటుంది, అంతే.

లెక్క: 5 గంటలు, మొత్తం 28. మధ్యాహ్నం అరగంట ప్లాంటు ఆపినప్పుడు సీటీ తిప్పారు. సరిచూసినవి 70/118.

దశ 4: పీఎల్‌సీ

స్నాప్7 పోర్టు 102 మీద మాట్లాడుతుంది. ఎస్7-1200కి ర్యాక్ 0, స్లాట్ 1. టీఐఏ పోర్టల్‌లో (ఆ పీఎల్‌సీకి ప్రోగ్రాం రాసే సాఫ్ట్‌వేర్) రెండు మార్పులు చేయాలి:

1. సీపీయూ భద్రతా అమరికల్లో పుట్/గెట్ (బయటివాళ్లు డేటా రాయడం, చదవడం) అనుమతి ఇవ్వాలి.
2. చదవాల్సిన డేటా బ్లాక్‌లో ఆప్టిమైజ్డ్ యాక్సెస్ టిక్కు తీసేయాలి. తీయకపోతే ఆఫ్‌సెట్లే (ఏ విలువ ఏ బైటు దగ్గర ఉందో చెప్పే అంకెలు) ఉండవు.

పుట్/గెట్ తెరిస్తే ఆ నెట్‌వర్క్‌లో ఉన్న ఎవరైనా పాస్‌వర్డ్ లేకుండా పీఎల్‌సీ డేటా మార్చగలరు. మోడ్‌బస్‌కూ పాస్‌వర్డ్ లేదు. అందుకే మినీ పీసీకి రెండు పోర్టులు తీసుకున్నాం. ఒకటి పీఎల్‌సీ వైపు, ఒకటి ఆఫీసు వైపు, రెండింటి మధ్య రూటింగ్ ఆఫ్. ఫోన్లో చూడటానికి పోర్టు ఫార్వర్డింగ్ (ఇంటర్నెట్ నుంచి లోపలికి దారి తెరవడం) అడిగితే ఒప్పుకోకండి.

మొదటి తప్పు: ఉన్న డేటా బ్లాక్‌కే టిక్కు తీసి డౌన్‌లోడ్ చేశాం. నిర్మాణం మారిన బ్లాక్ డౌన్‌లోడ్ అయితే అందులోని విలువలు స్టార్ట్ వాల్యూలకు వెళతాయి. నాలుగు చాంబర్ల సెట్‌పాయింట్లూ 6.0 నుంచి 0.0కి పోయాయి. పది నిమిషాల్లో పట్టుకున్నాం కాబట్టి సరుకుకు ఏమీ కాలేదు. ఆ బ్లాక్‌ను తిరిగి పాత తీరుకు తెచ్చేసి, అప్లికేషన్ కోసమే విడిగా డీబీ100 అనే డేటా బ్లాక్ కట్టాం. పీఎల్‌సీ ప్రతి స్కాన్‌లో (ప్రోగ్రాం ఒక చుట్టు తిరిగినప్పుడల్లా) కావాల్సిన విలువలను అందులోకి నకలు చేస్తుంది. అప్లికేషన్ ఇంకే బ్లాక్‌నూ ముట్టుకోదు.

రెండో తప్పు, పెద్దది: తేమ అంకెలు మధ్యలో చేర్చాం. కింద ఉన్నవన్నీ జరిగాయి. అప్లికేషన్ పాత ఆఫ్‌సెట్లతోనే చదువుతోంది, ఎర్రర్ ఏదీ రాలేదు. సెట్‌పాయింట్ల స్థానంలో తేమ అంకెలు వచ్చి కూర్చున్నాయి. పీఎల్‌సీలో తేమ 62 అంటే 62 శాతం, సెట్‌పాయింట్ 60 అంటే 6.0 డిగ్రీలు. తెర మీద సెట్‌పాయింట్ 6.2 అని కనబడింది. ఎవరికి అనుమానం వస్తుంది?

ఇప్పటి అమరిక, 100 బైట్లు:

- 0–1: అమరిక వెర్షన్ నంబరు
- 2–3: మొదటి కౌంటర్
- 4–35: ఉష్ణోగ్రతలు 16
- 36–43: సెట్‌పాయింట్లు 4
- 44–51: తేమ 4
- 52–67: ప్రెషర్లు 4, రియల్ రకం
- 68–70: స్థితి బిట్లు 20
- 71–97: ఖాళీ, కొత్తవి ఇక్కడే
- 98–99: చివరి కౌంటర్

వెర్షన్ నంబరు అప్లికేషన్‌లో రాసుకున్న దానితో కలవకపోతే అప్లికేషన్ ఒక్క అంకె కూడా చూపించదు, ఎర్ర గీత మాత్రం చూపిస్తుంది. డీబీ100లో ఏ చిన్న మార్పు చేసినా ఆ నంబరు పెంచడం పీఎల్‌సీ రాసేవారి పని.

రెండు కౌంటర్లు ఎందుకంటే నకలు సగంలో ఉండగా చదివితే సగం పాతవి, సగం కొత్తవి వస్తాయి. పీఎల్‌సీ నకలు మొదట్లో మొదటి కౌంటర్ పెంచుతుంది, చివర రెండోది సమానం చేస్తుంది. అప్లికేషన్‌కు రెండూ వేరుగా వస్తే మళ్లీ చదువుతుంది. 100 బైట్లు ఎస్7-1200 ఒక జవాబులో ఇచ్చే 222 బైట్ల హద్దులో ఉంది కాబట్టి ప్రశ్న ఒకటే పోతుంది. కొలిచిన సమయం 15 మిల్లీసెకన్లు.

మూడోది: అప్లికేషన్ పడిపోయి లేచినప్పుడల్లా పాత కనెక్షన్ మూయకుండా కొత్తది తెరిచేది. పీఎల్‌సీ ఇచ్చే కనెక్షన్లు పరిమితం. ఆపరేటర్ ప్యానెల్ తెర ఒకసారి అతుక్కోలేక తెల్లబోయింది. ఇప్పుడు పీఎల్‌సీతో మాట్లాడే ప్రాసెస్ ఒక్కటే, మిగతావాళ్లంతా దాని దగ్గరే అడుగుతారు.

సెన్సర్లను ఐసు నీళ్లతో సరిచూశాం. నలగ్గొట్టిన ఐసులో కొంచెం నీళ్లు పోసి కలిపి, సెన్సర్ ముంచి ఐదు నిమిషాలు ఆగితే 0.0 రావాలి. 16లో 15 సెన్సర్లు 0.2 లోపు వచ్చాయి. చాంబర్ 3లో ఒకటి 2.6 చూపించింది. పీటీ100 సెన్సర్‌లో (వేడిని బట్టి ఓం మారేది) డిగ్రీకి 0.385 ఓం. 2.6 అంటే సరిగ్గా 1 ఓం ఎక్కువ. మూడు తీగల సెన్సర్‌ను మధ్యలో రెండు తీగల కేబుల్‌తో పొడిగించి, కార్డు దగ్గర లింకు వేశారు. ఆ ఓం కేబుల్‌ది. సాఫ్ట్‌వేర్‌లో 2.6 తీసేయమని సలహా వచ్చింది. కేబుల్ చల్లబడితే, కనెక్షన్ తుప్పు పడితే ఆ 2.6 మారుతుంది. కేబులే మార్చాలి.

లెక్క: 16 గంటలు, మొత్తం 44. సరిచూసినవి 117/118.

దశ 5: అంకెకు తోడు సమయం, నాణ్యత

చాంబర్ 2లో ఒక సెన్సర్ తీగ ఊడింది. ఆ సెన్సర్లను చదివే ఆర్‌టీడీ కార్డు 32767 ఇచ్చింది. పదితో భాగించి 3276.7 డిగ్రీలు అని తెర మీద, సగటులో, గ్రాఫులో అన్నిచోట్లా పడింది. ఇది కనబడే తప్పు, పర్వాలేదు. కనబడనిది ఇంకొకటి. మూడో మీటరుకు ఫ్యూజు పోయి 40 నిమిషాలు గడిచినా తెర మీద చివరి అంకె అలాగే నిలిచి ఉంది.

అప్పటి నుంచి డ్రైవర్ పైకి పంపేది ఒట్టి అంకె కాదు. నాలుగు కలిపి పంపుతుంది: ట్యాగు పేరు, విలువ, చదివిన సమయం, నాణ్యత. నాణ్యత మూడు రకాలు:

- మంచిది: చదివింది, హద్దుల్లో ఉంది
- పాతది: 5 సెకన్లుగా కొత్తది రాలేదు
- చెడ్డది: 32767 లాంటి గుర్తు, లేదా ట్యాగు పట్టికలో ఇచ్చిన హద్దు దాటింది

పాతది తెర మీద బూడిద రంగులో వస్తుంది, పక్కన ఎంతసేపటిదో ఉంటుంది. చెడ్డదానికి అంకె బదులు గీత. సగటులో మంచివే కలుస్తాయి.

పీఎల్‌సీ నుంచి జవాబు వస్తున్నా పీఎల్‌సీ స్టాప్‌లో ఉండవచ్చు. స్టాప్‌లో ఉన్నా కమ్యూనికేషన్ నడుస్తుంది, పాత విలువలు ఇస్తూనే ఉంటుంది. మొదటి కౌంటర్ రెండు సెకన్లు కదలకపోతే 48 ట్యాగులూ పాతవే అని తేల్చేస్తున్నాం.

సమయం అంతా యూటీసీలో దాచి, చూపేటప్పుడే ఐదున్నర గంటలు కలుపుతున్నాం.

లెక్క: 8 గంటలు, మొత్తం 52. చాంబర్ 3 కేబుల్ మారింది, ఐసులో 0.1 వచ్చింది. సరిచూసినవి 118/118.

దశ 6: రాయడం

చదవడంలో తప్పితే తప్పు అంకె కనబడుతుంది. రాయడంలో తప్పితే ప్లాంటు తప్పుగా నడుస్తుంది. అందుకని నాలుగు సెట్‌పాయింట్లకు తప్ప దేనికీ దారి ఇవ్వలేదు. కంప్రెసర్ ఆన్, ఆఫ్ అప్లికేషన్‌లో లేదు, ఎవరు అడిగినా పెట్టలేదు.

మొదట "కొత్త సెట్‌పాయింట్ తీసుకో" అనే బిట్లు నాలుగూ ఒకే బైటులో పెట్టాం. స్నాప్7తో ఒక బిట్ మార్చాలంటే మామూలుగా చేసేది బైటు చదివి, బిట్ మార్చి, బైటు మొత్తం తిరిగి రాయడం. ఈ మధ్యలో పీఎల్‌సీ పక్క బిట్‌ను సున్నా చేస్తే, అప్లికేషన్ రాసిన పాత బైటు దాన్ని మళ్లీ ఒకటి చేసేస్తుంది. 500 ప్రయత్నాల్లో 3 సార్లు పక్క చాంబర్ ఆదేశం రెండోసారి నడిచింది. బిట్లు తీసేశాం.

ఇప్పటి పద్ధతి, అప్లికేషన్ రాయడానికి విడిగా డీబీ101:

1. అప్లికేషన్ హద్దు చూస్తుంది: 2.0 నుంచి 12.0 లోపు.
2. చాంబర్ నంబరు, విలువ, వరస నంబరు అనే మూడింటినీ ఒకేసారి రాస్తుంది. ఒక్కోటి పూర్తి వర్డు.
3. వరస నంబరు మారిందని చూసిన పీఎల్‌సీ తన హద్దులు తాను మళ్లీ చూస్తుంది.
4. సరైతే విలువ తీసుకుని అదే వరస నంబరును డీబీ100లో తిప్పి చూపుతుంది. కాకపోతే అదే నంబరును మైనస్‌లో చూపుతుంది.
5. 3 సెకన్లలో ఏదీ రాకపోతే తెర మీద "మారలేదు" అని వస్తుంది. తనంతట తాను మళ్లీ ప్రయత్నించదు.

మూడో మెట్టు వదలకండి. అప్లికేషన్‌ను రేపు ఎవరైనా మారుస్తారు. పీఎల్‌సీలోని హద్దు మాత్రం ఉండిపోతుంది. తిప్పి చూపే నంబరుకు డీబీ100లో 72–73 బైట్లు ఇచ్చాం, వెర్షన్ 3 నుంచి 4 అయింది. పాత అప్లికేషన్‌ను కావాలనే ఒకసారి నడిపి చూస్తే ఎర్ర గీత చూపి ఆగింది. కావాల్సింది అదే.

లెక్క: 11 గంటలు, మొత్తం 63.

దశ 7: ఏడు రోజులు ఆపకుండా

118 ట్యాగులను సెకనుకొకటి దాస్తే రోజుకు 1,01,95,200 వరసలు. మొదటి రాత్రికే గ్రాఫు తెరవడానికి నిమిషం పట్టింది. ట్యాగు పట్టికలో ఒక్కోదానికి ఎంత మారితే దాచాలో రాశాం: ఉష్ణోగ్రతకు 0.1, వోల్టేజీకి 1, బిట్లకు ఏ మార్పు అయినా. మారకపోయినా నిమిషానికి ఒకటి దాచాలి, అప్పుడే మారలేదా, ఆగిపోయిందా తేడా తెలుస్తుంది. అంకెలు దాచే డేటాబేస్ ఎస్‌క్యూలైట్‌ను వాల్ పద్ధతిలో పెట్టాం, గ్రాఫు చదువుతున్నా రాయడం ఆగదు. నిమిషానికొకటి లెక్కనే రోజుకు 1,69,920 వరసలు కనీసం. నిజంగా వచ్చినవి 2 లక్షల 40 వేల చుట్టూ.

ఏడు రోజుల ఫలితం:

- పీఎల్‌సీ రీడ్‌లు 6,04,800. తప్పినవి 11, అన్నీ ఒకేసారి, స్విచ్ అడాప్టర్ ఊడినప్పుడు.
- మీటర్లకు చుట్లు 6,04,800, ఐదు మీటర్లకు రీడ్‌లు 30,24,000. తప్పినవి 63.
- ఆ 63లో 58 కంప్రెసర్ 2 స్టార్-డెల్టా (స్టార్టింగ్‌లో మోటారు కనెక్షన్) మారే క్షణంలోనే. రెండో ప్రయత్నంలో అన్నీ వచ్చాయి.
- కౌంటర్లు కలవక మళ్లీ చదివినవి 214.

214 చూస్తే రెండు కౌంటర్లు పెట్టకపోతే ఏమయ్యేదో అర్థమవుతుంది. వారంలో అన్నిసార్లు సగం పాత, సగం కొత్త అంకెలు నిశ్శబ్దంగా లోపలికి వచ్చేవి.

లెక్క: 6 గంటలు, మొత్తం 69. సరిచూసినవి 118/118.

మిగిలిన పని: కంప్రెసర్ 2 కాంటాక్టర్ కాయిల్‌కు సర్జ్ సప్రెసర్ (స్విచ్చింగ్‌లో పుట్టే వోల్టేజీ పోటును మింగేది) లేదు, కంప్రెసర్ 1కి ఉంది. సరుకు బయటికి వెళ్లి ప్యానెల్ ఆపినప్పుడు అది పెట్టి, అదే 1000 రీడ్‌ల పరీక్షను కంప్రెసర్ 2ను పదిసార్లు స్టార్ట్ చేస్తూ నడపాలి.